బ్రిటన్‌లో ఫ్రీఫోన్ నంబర్లకు మొబైల్ నుంచి ఫోన్ చేస్తే డబ్బులు పోకుండా చూసుకోవడం ఎలా

2013లో నేను బ్రిటన్ వచ్చిన కొత్తలో ఒక పొద్దున కరెంటు బిల్లు గురించి కంపెనీకి ఫోన్ చేశాను. నంబరు 0800తో మొదలయ్యేదే. కాగితం మీద ‘ఫ్రీఫోన్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఫ్రీయే కదా అని స్పీకర్‌లో పెట్టి, పాట వింటూ అంట్లు తోముకుంటున్నాను. అవతలి నుంచి మనిషి గొంతు వినపడకముందే లైన్ తెగిపోయింది. చూస్తే ముందు రోజే వేయించుకున్న టాప్‌అప్‌లో పైసా మిగల్లేదు. ఫ్రీ అన్న మాట ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్ళకే వర్తిస్తుందనీ, మొబైల్ కంపెనీలు నిమిషానికి 40 పెన్స్ దాకా గుంజుతాయనీ నాకు అప్పుడే తెలిసింది. ల్యాండ్‌లైన్ పెట్టుకునే స్తోమత లేనివాళ్ళే ఎక్కువ కట్టాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

2015 జూలై 1 నుంచి ఆ పద్ధతి మారింది. టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తెచ్చిన నియమం ప్రకారం 0800, 0808 నంబర్లకు బ్రిటన్ మొబైల్ నుంచి చేసినా, ల్యాండ్‌లైన్ నుంచి చేసినా వినియోగదారులకు పూర్తిగా ఉచితం. మీ ప్యాకేజీలో ఉన్న నిమిషాలు కూడా తగ్గవు. గంటసేపు హోల్డ్‌లో పెట్టినా మీ బిల్లులో సున్నాయే.

అయినా నెలాఖరుకు మొబైల్ బిల్లు చూసి గుండె జారిపోయిందని చెప్పేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు. ఎందుకలా అయిందని బిల్లు తెరిచి చూస్తే, వాళ్ళు ఫోన్ చేసింది 0800 నంబరుకు కాదు, దాన్ని పోలిన ఇంకోదానికి. అందుకే ఎక్కడెక్కడ పొరపాటు పడతామో ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదటి మెట్టు: డయల్ చేసే ముందు మొదటి అంకెలు చూడండి

బ్రిటన్‌లో ఒక నంబరుకు ఎంత ఖర్చవుతుందో దాని మొదటి రెండు మూడు అంకెలే చెప్పేస్తాయి. ఇది ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

0800, 0808 అయితే ఉచితం. 0800 నంబర్లన్నీ ఒకే పొడవుండవు. పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ నంబరు 0800 1111. అందులో ఎనిమిది అంకెలే ఉంటాయి. కొన్నిటికి పది, చాలావాటికి పదకొండు. అంకెలు తక్కువున్నాయని అనుమానపడనక్కర్లేదు. ఒకప్పుడు 0500 నంబర్లు కూడా ఫ్రీఫోనే, కానీ వాటిని 2017 జూన్‌లో తీసేశారు. పాత కరపత్రంలో అలాంటి నంబరు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి.

03తో మొదలైతే భయపడక్కర్లేదు. 0300, 0330, 0333, 0345, 0370 లాంటివన్నీ ఈ కోవలోవే. ఇవి ఫ్రీఫోన్ కావు గానీ, మామూలు 01, 02 ల్యాండ్‌లైన్‌కు చేసినంతే పడాలి, అంతకన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. మీ ప్యాకేజీలో ఉచిత నిమిషాలుంటే ఇవీ అందులోకే వస్తాయి. ఆదాయపు పన్ను గురించి అడగాలంటే పన్నుల శాఖ నంబరు 0300 200 3300. వీసా పని మీద దేశం లోపలి నుంచి చేసే నంబరు కూడా 0300తోనే మొదలవుతుంది. అన్‌లిమిటెడ్ నిమిషాల ప్యాకేజీ ఉన్నవాళ్ళకు 03 కూడా ఫ్రీ కిందే లెక్క. కాకపోతే నిమిషాల లెక్కన క్రెడిట్ కరిగే టాప్‌అప్ సిమ్ వాడుతున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, మీకు ప్రతి నిమిషానికీ మామూలు కాల్ ధర పడుతుంది.

అసలు చిక్కంతా 084, 087లతో. 0843, 0844, 0845, 0870, 0871 అన్నీ ఇవే. 0845 చూడ్డానికి 0345 లాగా, 0870 చూడ్డానికి 0370 లాగా ఉంటాయి. కానీ ఖర్చులో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వీటికి రెండు రుసుములు కలిపి పడతాయి. ఒకటి సర్వీస్ ఛార్జ్, అంటే మీరు ఫోన్ చేసిన సంస్థ వైపు వెళ్ళేది. 084కి నిమిషానికి 7 పెన్స్ దాకా, 087కి 13 పెన్స్ దాకా ఉండొచ్చు. రెండోది యాక్సెస్ ఛార్జ్. ఇది మీ మొబైల్ కంపెనీ తీసుకునేది. ప్రకటనల్లో ‘నిమిషానికి 7 పెన్స్, దాంతోపాటు మీ ఫోన్ కంపెనీ యాక్సెస్ ఛార్జ్’ అని చిన్న అక్షరాల్లో రాస్తారు. అందరి కళ్ళూ 7 పెన్స్ దగ్గరే ఆగిపోతాయి. కొంప ముంచేది ఆ తర్వాతి మాట.

లెక్క వేసి చూద్దాం. మీ మొబైల్ కంపెనీ యాక్సెస్ ఛార్జ్ నిమిషానికి 65 పెన్స్ అనుకోండి. దానికి 7 కలిపితే 72. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అన్న మాట వింటూ 40 నిమిషాలు లైన్‌లో ఉంటే 28 పౌండ్ల 80 పెన్స్. హోల్డ్‌లో ఉన్న సమయం కూడా మీటరులో పడుతుంది. మీ దగ్గర అన్‌లిమిటెడ్ ప్యాకేజీ ఉన్నా మొబైల్‌లో సాధారణంగా ఈ నంబర్లు అందులోకి రావు.

09 అయితే ముట్టుకోకండి. సర్వీస్ ఛార్జే నిమిషానికి 3 పౌండ్ల 60 పెన్స్ దాకా, లేదా ఒక్కో కాల్‌కు 6 పౌండ్ల దాకా ఉండొచ్చు, దాని మీద మళ్ళీ యాక్సెస్ ఛార్జ్. ఎవరి ఫోన్ నంబరైనా అడిగి తెలుసుకోవడానికి ఉన్న, 118తో మొదలయ్యే డైరెక్టరీ విచారణ నంబర్లూ అంతే. వాటి ధరలు మరీ మితిమీరిపోతే 2019 ఏప్రిల్‌లో ఆఫ్‌కామ్ 90 సెకన్లకు 3 పౌండ్ల 65 పెన్స్ అని పరిమితి పెట్టింది. పరిమితి పెట్టాక కూడా ఒక నంబరు అడిగినందుకు అది చాలా ఎక్కువ. ఆ నంబరేదో ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది.

070తో మొదలయ్యేవి చూడ్డానికి మొబైల్ నంబర్లలాగే ఉంటాయి, కానీ కావు. 2019 అక్టోబర్ నుంచి వీటి మీద ఫోన్ కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే రుసుమును తగ్గించారు గానీ, మీ ప్యాకేజీలో ఉన్నాయో లేదో చూసుకోకుండా చేయొద్దు. ముఖ్యంగా తెలియని 070 లేదా 09 నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయకండి. అవసరమైనవాళ్ళు మళ్ళీ వాళ్ళే చేస్తారు.

ఇంకొకటి, 00800. దీన్ని చూసి చాలామంది 0800 అనుకుంటారు. ముందు ఒక సున్నా ఎక్కువ ఉంది చూడండి. ఇది అంతర్జాతీయ ఫ్రీఫోన్ నంబరు. 2015 నాటి ఉచిత నియమం 0800, 0808లకే గానీ దీనికి కాదు. మొబైల్ నుంచి చేస్తే ఛార్జీ పడుతుందో లేదో ముందు మీ కంపెనీని అడగండి.

రెండో మెట్టు: నంబరు ఎక్కడి నుంచి తీసుకున్నారు?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇప్పుడు ఎక్కువమంది నష్టపోతున్నది ఇక్కడే.

నాకు తెలిసిన ఒక అమ్మాయికి పార్సిల్ రాలేదు. కంగారులో ఫోన్‌లో ఆ డెలివరీ సంస్థ పేరు, పక్కన ‘కస్టమర్ సర్వీస్ నంబర్’ అని కొట్టి వెతికింది. అన్నిటికన్నా పైన వచ్చిన నంబరు మీద వేలు పెట్టింది. కాల్ కలిసింది, అవతల మాట్లాడింది నిజంగా ఆ సంస్థ మనుషులే. పార్సిల్ సంగతీ తేలింది. నెలాఖరుకు మాత్రం ఆ ఒక్క కాల్‌కే బిల్లులో పదుల పౌండ్లు పడ్డాయి. ఆమె చేసింది ఆ సంస్థ నంబరుకు కాదు, మధ్యలో కూర్చున్న కాల్ కనెక్షన్ సర్వీసుకు.

ఈ సర్వీసులు చేసే పని ఇంతే. ఒక 087 లేదా 09 నంబరు తీసుకుని, పేరున్న సంస్థల పేర్ల పక్కన దాన్ని ప్రకటన కింద పెడతాయి. మీరు ఆ నంబరుకు చేస్తే, మీ కాల్‌ను ఆ సంస్థ అసలు నంబరుకు మళ్ళిస్తాయి. చాలాసార్లు ఆ అసలు నంబరు 0800యో 03యో అయి ఉంటుంది. అంటే ఊరికే దొరికేదానికి మీ దగ్గర నిమిషాల లెక్కన డబ్బు తీసుకుంటారు. పేజీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ‘మాకు ఆ సంస్థతో సంబంధం లేదు, కాల్‌కు ఇంత’ అని రాసి ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ చిన్న అక్షరాలు చదువుతాడా?

అందుకని నంబరు కోసం ఈ వరసలో వెతకండి. బ్యాంకు అయితే కార్డు వెనక ఉన్న నంబరు. కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఇంటర్నెట్ అయితే బిల్లు కాగితం. బీమా అయితే పాలసీ పత్రం. ప్రభుత్వ పనులన్నిటికీ ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్, అక్కడ ప్రతి నంబరు పక్కనా కాల్ ఛార్జీల లింకు కూడా ఉంటుంది. కంపెనీ యాప్ ఉంటే అందులోని ‘కాంటాక్ట్’ పేజీ. ఇవేవీ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్ చిరునామాను మీరే టైప్ చేసి లోపలికి వెళ్ళండి. వెతికినప్పుడు పైన ‘స్పాన్సర్డ్’ అని కనిపించే ఫలితాల్లోని నంబరు మాత్రం ఎప్పుడూ నొక్కకండి.

నొక్కేశాక కూడా ఒక అవకాశం ఉంది. కాల్ కలిసే ముందు తెర మీద నంబరు కనిపిస్తుంది. 0800 అనుకుని నొక్కింది 0871గా కనిపిస్తే వెంటనే పెట్టేయండి. కాల్ ఎత్తగానే ‘ఈ కాల్‌కు నిమిషానికి ఇంత’ అని రికార్డు వినిపించినా అంతే, మొహమాటపడక్కర్లేదు.

మూడో మెట్టు: 084, 087 తప్ప ఇంకో నంబరు లేదంటే

ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మీరు ఆ సంస్థ దగ్గర ఇప్పటికే ఏదైనా కొన్నారా? కొని ఉంటే చట్టం మీ వైపు ఉంది. 2014 జూన్ 13న అమల్లోకి వచ్చిన వినియోగదారుల కాంట్రాక్టు నిబంధనల ప్రకారం, తమ దగ్గర కొన్నవాళ్ళు ఆ కొనుగోలు గురించి మాట్లాడటానికి ఇచ్చే ఫోన్ నంబరుకు మామూలు కాల్ ధర కన్నా ఎక్కువ పడకూడదు. అంటే 01, 02, 03, మామూలు మొబైల్ నంబరు లేదా ఫ్రీఫోన్ ఏదో ఒకటి ఉండాలి. బ్యాంకులు, బీమా లాంటి ఆర్థిక సంస్థలకు ఇలాంటి నియమమే 2015 అక్టోబర్ 26 నుంచి విడిగా ఉంది. కొత్తగా కొనడానికి చేసే సేల్స్ లైనుకు ఈ రక్షణ లేదు. అందుకే కొన్ని సంస్థల పేజీలో రెండు నంబర్లుంటాయి. కొన్నవాళ్ళ నంబరు కోసం కాస్త కిందికి వెళ్ళి చూడండి.

అలా కనపడకపోతే ‘విదేశాల నుంచి చేసేవారికి’ అని ఉన్న నంబరు చూడండి. విదేశాల నుంచి 084, 087 చాలాసార్లు కలవవు కాబట్టి వాళ్ళ కోసం +44తో మొదలయ్యే మామూలు ల్యాండ్‌లైన్ నంబరు ఇస్తారు. +44 తర్వాత 1 గానీ, 2 గానీ, 3 గానీ ఉంటే అది మీ ఉచిత నిమిషాల్లోకి వస్తుంది. దేశంలో ఉండి ఆ నంబరుకు చేయకూడదనే రూలేమీ లేదు. +44 బదులు సున్నా పెట్టి డయల్ చేసినా కలుస్తుంది. నేను ఎక్కువసార్లు వాడింది ఈ ఉపాయమే.

ఇంకో ఉపాయం. 0845 నంబరు ఉంటే, మిగతా అంకెలు అలాగే ఉంచి మొదట 0345 పెట్టి చూడండి. 0844కి 0344, 0870కి 0370, 0871కి 0371. పాత నంబరు ఎవరిదో వాళ్ళే 03కి మారడానికి వీలుగా ఆఫ్‌కామ్ ఈ జంటలను కేటాయించింది. అన్ని సంస్థలూ మార్చుకోలేదు కాబట్టి ప్రతిసారీ కలవదు, కానీ కలిస్తే మీ నిమిషాల్లోనే అయిపోతుంది. కలిశాక అవతలివాళ్ళు సంస్థ పేరు చెప్పే దాకా మీ వివరాలేవీ చెప్పకండి.

ఇవేవీ కుదరకపోతే యాప్‌లో చాట్, ఈమెయిల్, లేదా ‘మీరే నాకు ఫోన్ చేయండి’ అనే కాల్‌బ్యాక్ ఫారం. కాల్‌బ్యాక్‌లో మీకు పైసా ఖర్చు ఉండదు. ఇంగ్లిష్‌లో ఫోన్‌లో మాట్లాడటానికి తడబడేవాళ్ళకు చాట్ ఇంకా మేలు. ఏం చెప్పారో రాతలో మిగులుతుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు.

నాలుగో మెట్టు: మీ సిమ్ సంగతి

0800 ఉచితం అన్న నియమం బ్రిటన్ ఫోన్ కంపెనీలకు, వాటిని సొంతానికి వాడుకునే వినియోగదారులకు. ఈ మాట గుర్తుంటే మిగతా తిరకాసులన్నీ అర్థమవుతాయి.

ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో పెట్టుకుని వచ్చారనుకోండి. 0800కి చేసినా మీ ఇండియా కంపెనీ దాన్ని రోమింగ్ కాల్ కిందే లెక్కేస్తుంది. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల విషయంలో ఇలా జరుగుతుంటుంది. ‘అబ్బాయి 0800 ఫ్రీ అన్నాడు’ అని వాళ్ళ ఫోన్ నుంచే చేసేస్తారు. వాళ్ళు దిగిన మొదటి వారంలోనే ఒక బ్రిటన్ టాప్‌అప్ సిమ్ ఇప్పించండి. అంతదాకా ఏదైనా కాల్ అవసరమైతే మీ ఫోన్ ఇవ్వండి. ప్రయాణికుల కోసం అమ్మే డేటా ఈ-సిమ్‌లలో చాలావాటికి అసలు కాల్స్ చేసే వీలే ఉండదు, వాటితో 0800 కలవదు.

ఆఫీసు ఇచ్చిన ఫోన్ అయితే ఆ కాంట్రాక్టు వ్యాపార సంస్థది. వ్యాపార కాంట్రాక్టులకు ఛార్జీలు వేరుగా ఉండొచ్చు. ఆఫీసులో అడగకుండా దాన్నుంచి సొంత పనుల మీద గంటలకొద్దీ కాల్స్ చేయకండి.

తర్వాత మీ యాక్సెస్ ఛార్జ్ ఎంతో కనుక్కోండి. కాంట్రాక్టు కాగితంలోనూ, కంపెనీ ధరల పట్టికలోనూ ఉంటుంది. ప్రతి కంపెనీకీ వేరు. ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకుంటే 084 నంబరు కనిపించినప్పుడల్లా లెక్క మనసులో మెదులుతుంది.

దానికన్నా మంచి పని ఇంకొకటుంది, అందరూ ఇవాళే చేయాల్సింది. నెలవారీ కాంట్రాక్టు ఉన్నవాళ్ళు బిల్లు పరిమితి పెట్టించుకోండి. 2018 అక్టోబర్ 1 తర్వాత కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళకు గానీ, పొడిగించుకున్నవాళ్ళకు గానీ నెలకు ఇంతకు మించి బిల్లు పెరగకూడదని పరిమితి పెట్టుకునే అవకాశం మొబైల్ కంపెనీ ఇచ్చి తీరాలి. యాప్‌లో ‘స్పెండ్ క్యాప్’ లేదా ‘బిల్ లిమిట్’ అని ఉంటుంది. దొరక్కపోతే చాట్‌లో అడిగితే పెడతారు. అదనపు ఖర్చుకు సున్నా పరిమితి పెట్టుకుంటే పొరపాటున 0871 నొక్కినా కాల్ వెళ్ళదు. 0800, 999 ఎప్పటిలాగే పనిచేస్తాయి. పిల్లల ఫోన్లకు, పెద్దవాళ్ళ ఫోన్లకు ఇది తప్పనిసరిగా పెట్టండి. 09 లాంటి ప్రీమియం నంబర్లను పూర్తిగా ఆపేయమని కూడా అడగొచ్చు.

ఐదో మెట్టు: పొట్టి నంబర్లు

ఇవి ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు.

ప్రాణాల మీదికి వస్తే 999 లేదా 112, ఉచితం. టాప్‌అప్ అయిపోయినా కలుస్తుంది. కానీ బ్రిటన్‌లో సిమ్ లేని ఫోన్ నుంచి 999 కలవదని గుర్తుంచుకోండి. పాత ఫోన్‌ను ‘ఎమర్జెన్సీకి పనికొస్తుందిలే’ అని సిమ్ తీసేసి సొరుగులో పడేస్తే లాభం లేదు.

ఒంట్లో బాగోలేదు గానీ అంబులెన్స్ పిలిచేంత కాదు అంటే, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నంబరు 111, రాత్రీపగలూ ఉచితం. ఇక్కడ ఒక్క అంకె తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 111 ఉచితం, 118తో మొదలయ్యేవి పౌండ్లు మింగేవి. చీకట్లో, కంగారులో నొక్కేటప్పుడు చూసి నొక్కండి.

అత్యవసరం కాని పోలీసు పనికి 101. ఇంతకుముందు కాల్‌కు 15 పెన్స్ తీసుకునేవారు, 2020 ఏప్రిల్ నుంచి ఉచితం. కరెంటు పోతే 105, అదీ ఉచితమే. మీకు కరెంటు అమ్మే కంపెనీ ఏదైనా సరే, ఈ నంబరు నేరుగా మీ ప్రాంతంలో తీగలు చూసుకునే సంస్థకు కలుపుతుంది. గ్యాస్ వాసన వస్తే 0800 111 999, ఇంటి బయటికి వచ్చాకే ఫోన్ చేయండి.

మనసు బాగోలేనప్పుడు, ఎవరితోనైనా మాట్లాడాలనిపించినప్పుడు సమారిటన్స్ నంబరు 116 123. ఉచితం, ఏ వేళనైనా ఎత్తుతారు. దూరదేశంలో ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఈ నంబరు తెలిసి ఉండాలి. డబ్బు గురించి ఆలోచించి ఆగిపోవద్దు.

బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరో ఫోన్ చేసి డబ్బు పంపమంటే, ఆ కాల్ పెట్టేసి 159 కొట్టండి. పెద్ద బ్యాంకుల్లో చాలావాటికి అది నేరుగా కలుపుతుంది. ఇది ఫ్రీఫోన్ కాదు గానీ మామూలు కాల్ ధరే. అనుమానపు మెసేజ్‌లను 7726కు పంపించండి, ఆ మెసేజ్‌కు ఛార్జీ లేదు.

సలహా కావాలంటే సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. ఇంగ్లండ్‌లో వాళ్ళ సలహా నంబరు 0800 144 8848. కొన్న వస్తువుల మీద గొడవైతే వినియోగదారుల నంబరు 0808 223 1133. రెండూ ఫ్రీఫోన్ నంబర్లే. ఆదాయం తక్కువున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం యూనివర్సల్ క్రెడిట్, దాని లైను 0800 328 5644 కూడా అంతే. ఈ లైనుకు ఒకప్పుడు డబ్బు పడేది. సాయం కోసం చేసే ఫోన్‌కు పేదవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడమేమిటని గట్టిగా విమర్శలు రావడంతో 2017లో ఫ్రీ చేశారు.

ఆరో మెట్టు: ఇండియా వెళ్ళినప్పుడు

సెలవులకు ఊరికి వెళ్ళాక బ్యాంకు కార్డు ఆగిపోతుంది. అప్పుడు 0800 నంబరు పనికిరాదు. ముందు +44 పెట్టి 800 కొట్టినా చాలాసార్లు కలవదు. కలిసినా ఫ్రీ కాదు, విదేశీ కాల్ ధర పడుతుంది. అందుకే విమానం ఎక్కే ముందే మీ బ్యాంకు, బీమా, మొబైల్ కంపెనీల ‘విదేశాల నుంచి చేసే నంబరు’ ఫోన్‌లోనూ, ఒక కాగితం మీదా రాసి పెట్టుకోండి. ఇదివరకు స్కైప్‌లో బ్రిటన్ ఫ్రీఫోన్ నంబర్లకు ఉచితంగా చేసుకునే వీలుండేది, 2025 మేలో స్కైపే మూతపడింది. ఇప్పుడు తేలికైన దారి బ్యాంకు యాప్‌లోని చాట్, లేదా యాప్ లోపలి నుంచే చేసే కాల్. బ్రిటన్ సిమ్‌తో వైఫై కాలింగ్ చేస్తే దాన్ని బ్రిటన్ కాల్‌గా లెక్కిస్తారా, రోమింగ్‌గా లెక్కిస్తారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. వెళ్ళేముందు అడిగి, జవాబును స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే

వదిలేయకండి. ముందు వివరాల బిల్లు తెరిచి, ప్యాకేజీ బయటి కాల్స్ అన్న భాగం చూడండి. నంబరు, సమయం, నిమిషాలు, ఎంత పడిందో ఉంటాయి.

నంబరు 0800 లేదా 0808 అయ్యి, మీది సొంత కాంట్రాక్టు అయితే, అది మీ మొబైల్ కంపెనీ పొరపాటు. చాట్‌లో ఆ వరస చూపించి డబ్బు వెనక్కి ఇవ్వమనండి. వినకపోతే రాతపూర్వక ఫిర్యాదు పెట్టండి. అప్పటికీ తేలకపోతే ఉచితంగా విచారించే వివాద పరిష్కార సంస్థ పేరు చెప్పాల్సింది కూడా ఆ కంపెనీయే, అడగండి.

మీరు కొన్న వస్తువు గురించి ఆ సంస్థే ఇచ్చిన 084 లేదా 087 నంబరుకు చేసి ఉంటే, మామూలు కాల్ ధర కన్నా ఎక్కువ పడిన మొత్తాన్ని ఆ సంస్థ మీకు తిరిగి ఇవ్వాలి. ఇది వాళ్ళు దయతలచి ఇచ్చేది కాదు, పైన చెప్పిన 2014 నిబంధనల్లోనే ఉన్న హక్కు. ఈమెయిల్ ఇలా రాయండి: ‘ఫలానా తేదీన నా ఆర్డర్ గురించి మీ నంబరుకు ఇన్ని నిమిషాలు మాట్లాడాను. ఇంత పడింది. వినియోగదారుల కాంట్రాక్టు నిబంధనలు 2013, 41వ నిబంధన ప్రకారం అదనపు మొత్తం వాపసు చేయండి.’ బిల్లు స్క్రీన్‌షాట్ జతచేయండి. 2013 అన్నది నిబంధనలు రాసిన ఏడాది, అమల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడు. ఆ నిబంధన సంఖ్య రాస్తే ఈమెయిల్‌ను పక్కన పడేయడం వాళ్ళకు కష్టం.

కాల్ కనెక్షన్ సర్వీసు చేతిలో పడ్డారంటే ముందు ఆ సర్వీసుకే ఫిర్యాదు చేయాలి. ఆ నంబరు ఎవరిదో ఆఫ్‌కామ్ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. ఇలాంటి ఫోన్ సేవల నియంత్రణ 2025 ఫిబ్రవరి నుంచి ఆఫ్‌కామ్ చేతికే వచ్చింది. ధర స్పష్టంగా చూపించకుండా తీసుకున్నారని, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంటే దాంతో సహా రాయండి. నేను చెప్పిన అమ్మాయి మూడు ఈమెయిళ్ళు రాశాక సగం డబ్బు వెనక్కి వచ్చింది. ఆ రోజే తన ఫోన్‌లో సున్నా పరిమితి కూడా పెట్టించుకుంది.